ఎవరి ఆదితో కోస్తున్నారు మన రైకను?

తొమ్మిదో తరగతి పిల్ల నాలుగు రోజులు బడికి రాలేదు. ఐదో రోజు నేనే వాడకు పోయినాను. జ్వరమా అంటే కాదు. పెండ్లి సంబంధమా అంటే కాదు. (మా పక్క ఆడపిల్ల బడి మానిందంటే టీచరుకు వచ్చే మొదటి భయం అదే.) తల్లి చెప్పలేక చెప్పింది:

"బడిలో ఇచ్చిన గుడ్డ సాల్లేదు మేడం. టవున్లో టైలరు కాడికి పోతే, ఈ పిల్లకి కుట్టల్లంటే ఇద్దరి గుడ్డ కావల్ల అని అందరి ముందర నవ్వినాడంట. ఆపొద్దు నుంచి పిల్ల గడప దాటల్యా."

ఆ పిల్ల లెక్కల్లో క్లాసులో మొదటిది. నల్లటి పిల్ల, లావు పిల్ల. ఒంటికి సరిపోయే యూనిఫారం లేక చదువు ఆగిపోయే కాడికి వచ్చింది.

రెండిండ్ల అవతల కుట్టుమిషను పెట్టుకున్న ఒక అక్క ఉంది. ఏడో తరగతి దాకా చదివింది. పిల్లను ఆమె కాడికి తీసుకపోయినాను. ఆమె నవ్వలేదు. టేపు తీసుకుని పిల్లను పక్కకు పిలిచి, తలుపు దగ్గరకేసి కొలతలు తీసుకుంది. "నీకు ఎట్లుంటే బాగుంటాదో నువ్వు సెప్పు" అని పిల్లనే అడిగింది. టాపుకు రెండు పక్కలా వేరే రంగు గుడ్డతో నిలువు పట్టీలు వేసింది. అవి అతుకుల మాదిరి కనపడలేదు. కావాలనే వేసిన డిజైను మాదిరి ఉండినాయి. చంక దగ్గర బిగుసుకోకుండా కోసింది. రెండేండ్ల దాకా ఇప్పుకుని వెడల్పు చేసుకునేటట్లు లోపల గుడ్డ వదిలింది. సోమవారం పిల్ల బడికొచ్చింది.

ఎంతక్కా అని అడిగితే ఆమె ఏమన్నదో తెలుసా? "మీరిచ్చింది ఇయ్యండి మేడం."

ఆ పట్టీలు వేసిన చేతికి పట్నంలో అయితే డిజైనర్ అని పేరు. అద్దాల దుకాణం ఉంటుంది. వాడలో 'జాకెట్లు కుట్టే ఆమె' అంటారు. ఈ రెండు పేర్ల నడుమ ఉన్న దూరం గురించే నేను రాయదలచుకున్నాను.

ఆది ఎవరిది?

మన ఆడవాళ్లందరికీ 'ఆది' తెలుసు. కొత్త రైక కుట్టించుకోవాలంటే సరిగ్గా కుదిరిన పాత రైక ఒకటి టైలరుకు ఇస్తాం. అది ఆది. దాన్ని పరిచి, దాని మీద గుడ్డ పెట్టి కోస్తాడు. ఆది సరిగ్గా ఉంటే రైక సరిగ్గా వస్తుంది. ఆది ఇంకొకరిదైతే ఎంత పనివాడైనా ఏం చేస్తాడు?

రెడీమేడ్ దుకాణాల్లో ఎస్, ఎమ్, ఎల్, ఎక్సెల్ అని రాసి ఉంటాయి కదా, అవి ఎవరి ఆదితో కోసినవి? మన దేశంలో చాలా కాలం అమెరికా, బ్రిటన్ మనుషుల కొలతల పట్టీలనే అటూ ఇటూ మార్చి వాడుకుంటూ వచ్చినారు. భారతీయుల ఒళ్లు కొలుద్దామని 2018లో నిఫ్ట్ సంస్థ 'ఇండియా సైజ్' అనే సర్వే మొదలు పెట్టింది. ఆరు నగరాలు, 25 వేల మంది. సంతోషమే. కానీ ఆరూ నగరాలే. శనక్కాయ చేన్లో వంగి కలుపు తీసి వెడల్పైన భుజాలు, ఇటుకలు మోసి గట్టిపడిన మెడలు, నలుగురిని కని వదులైన పొట్టలు ఆ కొలతల్లోకి ఎట్లా వస్తాయి? వాడ ఆడదాని ఆది ఎవరూ అడగలేదు.

ఆది అనే మాట మనకు ఇంకో రకంగా కూడా దగ్గరిది. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ నాయకత్వాన మనవాళ్లు 'పంచములం కాదు, ఆది ఆంధ్రులం' అని ప్రకటించుకున్నారు. పేరుకు ఆది మనమే. గుడ్డ కాడికి వచ్చేసరికి ఆది మనది కాకపోయె.

టేపుకు కూడా అంటు ఉండేది

నా చిన్నప్పుడు మా అమ్మ రైక కుట్టించుకోడానికి పక్క ఊరికి పోయేది. ఆ టైలరు కొలత తీసేవాడు కాదు. అరుగు కింద నిలబెట్టి కంటితో చూసి, "సరే పో, ఆదివారం రా" అనేవాడు. గుడ్డ కూడా చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టమనేవాడు. ఆ రైకలు ఎప్పుడూ చంకల్లో పట్టేసేవి. చెయ్యి పైకెత్తితే చిరిగేవి. మా అమ్మ జీవితమంతా తన ఒళ్లే తప్పు అనుకుంది. "నా ఒళ్లు మాయదారి ఒళ్లు, ఏ రైకా కుదరదు" అనేది. ఒంటిని తాకకుండా కుట్టిన రైక ఒంటికి ఎట్లా కుదురుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అరుగు పోయింది, అద్దాల తలుపు వచ్చింది. జీతం వచ్చిన రోజు నేను పెద్ద దుకాణానికి పోతాను. కుట్టిన చుడీదారు అడిగితే అక్కడి పిల్ల నన్ను కింది నుంచి మీదికి చూసి, "మీ సైజు రాదు మేడం" అంటుంది. రంగు అడిగితే, "ఇది కలర్ ఉన్నోళ్లకి బాగుంటాది" అంటుంది. ఆ పిల్ల తప్పు లేదు. ఆమె కూడా మన వాడ పిల్లే కావచ్చు. ఆమెకు నేర్పిన మాటలు అవి. గోడ మీద బొమ్మలన్నీ తెల్లవి, సన్నవి. నలుపు ఒక లోపం, లావు ఒక లోపం, రెండూ ఉన్న ఆడది ఆ దుకాణంలోకి ఎందుకు వచ్చినట్టు?

కరువు సీమలో లావు మనుషులా?

ఈ మాట మన సంఘం మీటింగులోనే ఒక అన్న అన్నాడు. "అనంతపురంలో తిండి లేక వలసలు పోతావుంటే నువ్వు లావోళ్ల గుడ్డల గురించి మాట్లాడతావేందమ్మా?"

అన్నా, లెక్క చూడు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో నూటికి 36 మంది ఉండవలసిన దాని కన్నా ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద నూటికి 24 మంది. అదే సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 58 మందికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత. అంటే ఒళ్లు ఉంది, ఒంట్లో రక్తం లేదు. ఇది కూర్చుని తిన్న ఒళ్లు కాదు. కొర్ర, సద్ద, రాగి తిన్న నేలలో చేన్లన్నీ శనక్కాయకు పోయి, పొయ్యి మీద తెల్లబియ్యం ఒక్కటే మిగిలినాక, పప్పు కొనలేక, పాలు కొనలేక, కూలికి పోయి వచ్చి అన్నంతోనే కడుపు నింపుకున్న ఒళ్లు. కాన్పుల మీద కాన్పులు అయిన ఒళ్లు. థైరాయిడ్ మాత్రలకు డబ్బుల్లేని ఒళ్లు. కరువు మనిషిని ఎండబెడుతుంది అనుకుంటాం. ఉబ్బబెడుతుంది కూడా.

ఇక రెండో మాట. "భూమి ఉండాది, నీళ్లు ఉండాయి, అట్రాసిటీ కేసులు ఉండాయి. రైకలు యాల?" అని.

గుడ్డ సంగతి చిన్నదైతే మనువు దాని గురించి ఎందుకు రాసినాడు? చండాలురు శవాల మీది గుడ్డలే కట్టుకోవాలని, ఇనుప నగలే పెట్టుకోవాలని మనుస్మృతి పదో అధ్యాయంలో ఉంది. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్లు రొమ్ముల మీద గుడ్డ కప్పుకోడానికి దశాబ్దాలు కొట్లాడితే 1859లో గానీ రాజు ఒప్పుకోలేదు. 1927 డిసెంబరులో మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టిన బాబాసాహెబ్, ఆ సభలకు వచ్చిన ఆడవాళ్లను కూర్చోబెట్టి ఏం చెప్పినాడు? మీ చీరకట్టు, మీ నగలు చూసి మీ కులం గుర్తుపడుతున్నారు, ఆ గుర్తులు వదిలిపెట్టండి, శుభ్రంగా, నిండుగా కట్టుకోండి అన్నాడు. చౌదారు చెరువు నీళ్ల కోసం మొదలైన పోరాటంలో ఆయన చీర గురించి కూడా మాట్లాడినాడు. మన ప్రతి వాడలో ఉన్న విగ్రహం కోటు, టై వేసుకుని నిలబడి ఉండడం ఊరికే కాదు.

సూదితో విడుదల

నల్లవాళ్ల పోరాటం నుంచి మనం నేర్చుకుంటూనే వచ్చినాం. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పేరు అక్కడి నుంచి వచ్చిందే. ఆ చరిత్రలో సూది చరిత్ర కూడా ఉంది.

ఎలిజబెత్ కెక్లీ అనే ఆమె బానిసగా పుట్టింది. కుట్టుపని నేర్చింది. ఆమె చేత గౌన్లు కుట్టించుకునే ఆడవాళ్లు 1,200 డాలర్లు అప్పుగా సర్దితే, 1855లో తననూ కొడుకునూ బానిసత్వం నుంచి కొనుక్కుంది. ఆ అప్పును కుట్టుపనితోనే తీర్చింది. తర్వాత అధ్యక్షుడు లింకన్ భార్యకు గౌన్లు కుట్టింది. వందేండ్ల తర్వాత, 1953లో, జాక్వెలిన్ కెనెడీ పెండ్లి గౌను కుట్టింది ఆన్ లో అనే నల్లజాతి ఆమె. పెండ్లికి పది రోజుల ముందర దుకాణంలోకి నీళ్లు వచ్చి గౌను పాడైతే తన చేతి డబ్బులు పెట్టి మళ్లీ కుట్టింది. పేపర్లు ఆ గౌను అందాన్ని వర్ణించి రాసినాయి. కుట్టినామె పేరు చాలా పేపర్లు రాయలేదు.

ఇప్పుడు అక్కడ నల్లజాతి ఆడవాళ్లు తమ లావు ఒళ్లకు తామే గుడ్డలు కోస్తున్నారు. అట్లాంటాలో జాస్మిన్ ఎల్డర్ అనే ఆమె 'జిబ్రి' పేరు మీద లావు ఆడవాళ్లకే రంగురంగుల బట్టలు కుట్టి పేరు తెచ్చుకుంది. లావుగా ఉన్నవాళ్లు నల్లటి సంచి లాంటి గుడ్డలో దాక్కోవాలన్న మాటకు అది జవాబు. 2020లో అరోరా జేమ్స్ అనే డిజైనర్ ఒక డిమాండు పెట్టింది. మీ దేశంలో మేము నూటికి దాదాపు పదిహేను మందిమి, కాబట్టి మీ దుకాణం అరల్లో నూటికి పదిహేను పాళ్లు నల్లవాళ్ల సరుకు పెట్టండి అని. కొన్ని పెద్ద దుకాణాలు ఒప్పుకుని సంతకాలు చేసినాయి.

పదిహేను అనే అంకె మనకు కొత్తదా? చదువులో, కొలువులో ఎస్సీలకు మన రాష్ట్రంలో ఉన్నది 15 శాతమే. మరి మార్కెట్టులో ఎంత? కేంద్ర ప్రభుత్వ సంస్థలు కొనే సరుకులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని 2012లో ఒక ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు మన వాడలో మిషను తొక్కే అక్కకు ఎవరు చదివి వినిపించినారు? రిజిస్ట్రేషను ఎట్లా చేయాలో ఎవరు చూపించినారు?

కుట్టేది మనం, పేరు ఇంకొకరిది

మా జిల్లాలో కుట్టుమిషన్లకు కొదవ లేదు. రాయదుర్గానికి పోయి చూడండి. వీధి వీధిలో జీన్స్ కుట్టే మిషన్ల చప్పుడే. బళ్లారి జీన్స్‌తో అల్లుకున్న పని అది. జిప్పు కుట్టేవాళ్లు ఒకరు, జేబు కుట్టేవాళ్లు ఒకరు, దారాలు కత్తిరించేవాళ్లు ఒకరు. పీసుకింత అని కూలి. చెయ్యి మనది, మెడ పట్టీ మీద పేరు ఇంకొకరిది. జిల్లా నుంచి బెంగుళూరు గార్మెంట్స్‌కు పోయిన మన ఆడపిల్లలు రోజంతా కాలర్లే కుడతారు. మొత్తం చొక్కా కోయడం వాళ్లకు నేర్పరు. కోయడం వస్తే బయటికొచ్చి సొంతంగా పెట్టుకుంటారు కదా!

పేరు సంగతి చెప్పులు కుట్టేవాళ్లకు ఇంకా బాగా తెలుసు. కొల్హాపూరి చెప్పు మహారాష్ట్ర, కర్ణాటకల్లో మన తోలుపని కులాల చేతి పని. 2019లో దానికి జి.ఐ. గుర్తింపు వచ్చింది. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా అట్లాంటి చెప్పులనే మిలాన్ ప్రదర్శనలో నడిపించింది. తోలు చెప్పులు అన్నారే గానీ కొల్హాపూర్ పేరు ఎత్తలేదు. గొడవ అయినాకే ఒప్పుకున్నారు. ఇంకో పక్క చూడండి. ముంబయిలో సుధీర్ రాజ్‌భర్ తిట్టుగా వాడే కులం పేరునే తలెత్తుకునేటట్లు 'చమార్ స్టూడియో' అని పెట్టినాడు. 2015లో మహారాష్ట్రలో గొడ్డుమాంసం నిషేధంతో తోలుపని పోయినవాళ్లను కలుపుకుని, పాత రబ్బరుతో సంచులు, కుర్చీలు చేయించినాడు. పేరు దాచుకోలేదు, పేరుతోనే అమ్మినాడు.

ఇక మన తప్పు

బయటివాళ్లను తిట్టినాం. ఇప్పుడు మన ఇంట్లోకి చూసుకుందాం.

పోయిన ఏప్రిల్ 14కు మా సంఘం ఆడ వాలంటీర్లకు నీలి టీషర్టులు తెప్పించింది. ఎక్కడ నుంచి? బయటి ఊరి హోల్‌సేల్ దుకాణం నుంచి. అన్నీ ఎమ్, ఎల్. ఏడు మంది అక్కలకు పట్టలేదు. పొద్దున నుంచి వంట చేసింది వాళ్లే, కుర్చీలు మోసింది వాళ్లే. ఫోటో కాడికి వచ్చేసరికి వెనక నిలబడినారు. ఒకామె "మేము లావోళ్లం కదమ్మా, మీరు దిగండి" అంది. బాబాసాహెబ్ విగ్రహం కింద కూడా మన ఆడదానికి ఒంటి సిగ్గు! అదే వాడలో నాలుగు కుట్టుమిషన్లు ఊరికే ఉండినాయి. మనకు గుర్తు రాలేదు. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. నాకూ గుర్తు రాలేదు. అందుకే ఈ మాటలు రాస్తున్నాను.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. పెద్ద దుకాణంలో చీటీ మీద ఎంత రాసి ఉంటే అంత ఎంచి ఇస్తాం. వాడ అక్క కాడికి వచ్చేసరికి "మనోళ్లే కదా, తగ్గించు" అంటాం. మనోళ్లు కాబట్టి తగ్గించాలా, మనోళ్లు కాబట్టి పూర్తిగా ఇయ్యాలా? ఊరోళ్లకు వెట్టి చేసిన తరం పోయింది. చదువుకున్న మనం మన వాడలోనే వెట్టి చేయించుకుంటున్నాం. "మీరిచ్చింది ఇయ్యండి" అన్న మాట వెట్టి నేర్పిన మాట. కళ్లం కాడ గింజల కోసం నిలబడ్డ మన తాతల నోటి మాట అది.

ప్రభుత్వం మాత్రం ఏం విలువ కట్టింది? 2025లో బడి పిల్లల మూడు జతల యూనిఫారం కుట్టుకూలికి 8వ తరగతి దాకా 120 రూపాయలు, 9, 10 తరగతులకు 240 రూపాయలు ఇచ్చినారు. అంటే జతకు 40, లేకపోతే 80. ఆ డబ్బుతో కొలత తీసి, కోసి, కుట్టి, కాజాలు వేసి, గుండీలు వేయాలి! మిగతాది కూలి చేసుకునే తల్లి జేబు నుంచి పోవాలి, లేకపోతే కుట్టే అక్క కడుపు నుంచి పోవాలి.

కాబట్టి నేను అడిగేది ఇది.

ఒకటి, మన సభల కండువాలు, టీషర్టులు, జెండాలు, రైకలు మన వాడల్లోనే కుట్టించాలి. పదిహేను పాళ్లు కాదు, మొత్తం. ప్రతి మనిషికీ కొలత తీసి కుట్టించాలి. ఎమ్, ఎల్ లెక్కలు వద్దు.

రెండు, కుట్టే అక్కలు నలుగురూ కూర్చుని ధరల పట్టీ రాసి గోడకు తగిలించాలి. లావు మనిషికి గుడ్డ ఎక్కువైతే గుడ్డ డబ్బులు తీసుకోండి, న్యాయమే. ఒళ్లు చూసి జరిమానా వేయొద్దు. మనం ఆ పట్టీ మీద ఉన్నది ఉన్నట్టు ఇయ్యాలి. పండగ ముందర సగం డబ్బు అడ్వాన్సుగా ఇయ్యాలి.

మూడు, మెడ లోపల చిన్న గుడ్డ ముక్క మీద కుట్టిన మనిషి పేరు ఉండాలి. పెద్ద కంపెనీలకు ఉండగా మనకు ఎందుకు ఉండకూడదు?

నాలుగు, యూనిఫారం కుట్టుకూలి పెంచాలి. ఆ పని వాడ ఆడవాళ్ల సంఘాలకు ఇయ్యాలి. గుడ్డ తరగతిని బట్టి కాదు, పిల్ల ఒంటిని బట్టి కొలిచి ఇయ్యాలి. మీటింగు పెట్టి మిషను ఇచ్చి ఫోటో తీసుకుంటే చాలదు. ఓవర్‌లాక్ మిషను, కోత బల్ల, గుడ్డ కొనే పెట్టుబడి, అన్నిటి కన్నా ముందు ఆర్డర్లు ఇయ్యాలి. ఎస్సీ కార్పొరేషన్ అప్పుల్లో వీళ్ల పేర్లు ఉండాలి. దరఖాస్తు రాసిపెట్టే పని నాలాంటి టీచర్లది.

ఇవన్నీ అయితే కులం పోతుందా? పోదు. భూమి రాదు, నీళ్లు రావు. కానీ ఒంటికి కుదిరిన గుడ్డ వేసుకున్న ఆడది మీటింగులో వెనక నిలబడదు. బడి మానదు. ముందుకు వచ్చి మాట్లాడుతుంది. మనకు కావలసింది అదే కదా.

ఆ పొద్దు "మీరిచ్చింది ఇయ్యండి" అన్న అక్కకు నేను డబ్బులు ఇయ్యలేదు. కూర్చోబెట్టి లెక్క వేయించినాను. ఎన్ని గంటలు పట్టింది, దారం ఎంత, పట్టీల గుడ్డ ఎంత, కరెంటు ఎంత అని. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి, కాసేపు నేల చూసి, మెల్లగా ఒక అంకె చెప్పింది. చెప్పినాక తనే ఉలిక్కిపడి, "ఎక్కువాయనేమో మేడం" అంది. తొమ్మిదో తరగతి పిల్ల పక్కనే నిలబడి ఉంది. లెక్కల్లో మొదటిది కదా, మనసులోనే కూడుకుని అంది:

"లేదు పెద్దమ్మా. నువ్వు కాజాలు కుట్టిన కూలి మర్సిపోయినావు."

జై భీమ్.